టీచర్ కావాలంటే కమ్యూనిటీ కాలేజీతో మొదలుపెట్టవచ్చా?

ప్రశ్న: నా వయసు 36. గుంటూరులో బీకాం రెండో సంవత్సరం పరీక్షలు రాసిన వేసవిలోనే పెళ్లయింది. తర్వాత అమెరికా వచ్చేశాం, చదువు అక్కడితో ఆగిపోయింది. ప్రస్తుతం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. గ్రీన్‌కార్డు వచ్చి రెండేళ్లయింది. పిల్లలిద్దరూ బడికి వెళ్తున్నారు. ఏడాదిన్నరగా నేనూ ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్‌కు సహాయకురాలిగా పనిచేస్తున్నాను. చేస్తున్నకొద్దీ నేనే టీచర్‌ను కావాలన్న కోరిక బలపడింది. ఇంటికి దగ్గరలో ఉన్న కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి తర్వాత యూనివర్సిటీకి మారదామనుకుంటున్నాను. మావారేమో నేరుగా యూనివర్సిటీలోనే చేరమంటున్నారు. మా ఆడపడుచు "కమ్యూనిటీ కాలేజీ చదువుకు విలువేముంది వదినా, రేపు ఉద్యోగం ఎవరిస్తారు?" అంటోంది. నా బీకాం చదువు ఏమైనా లెక్కలోకి వస్తుందా? ఏ దారిలో వెళ్లమంటారు?
— ఒక పాఠకురాలు, ఫ్రిస్కో

సమాధానం: మీరు కమ్యూనిటీ కాలేజీలోనే, అంటే డిగ్రీలో మొదటి రెండేళ్ల చదువును తక్కువ ఫీజుతో అందించే స్థానిక ప్రభుత్వ కాలేజీలోనే మొదలుపెట్టండి. అయితే అక్కడ పేరు నమోదు చేసుకోవడానికి ముందే, ఆ తర్వాత ఏ యూనివర్సిటీకి వెళ్లబోతున్నారో, ఏ తరగతుల పిల్లలకు పాఠాలు చెప్పబోతున్నారో తేల్చుకోండి. ఈ వరుస తిరగబడినందువల్లే, అంటే ముందు కాలేజీలో చేరి, దొరికిన కోర్సులు చేసుకుంటూ పోయి, రెండేళ్లు గడిచాక యూనివర్సిటీ కోసం వెతకడం వల్లే, చాలామంది ఏడాదికి పైగా కాలాన్నీ డబ్బునూ నష్టపోతుంటారు. వాళ్ల అనుభవాలు విన్నవారికి కమ్యూనిటీ కాలేజీ మీద చిన్నచూపు ఏర్పడుతుంది గానీ, అక్కడ తప్పు కాలేజీది కాదు, ప్రణాళిక లేకపోవడానిది.

మీ ఆడపడుచు గారి సందేహానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది మన వాళ్లలో చాలామందికి ఉన్న సందేహమే. ఆంధ్ర, తెలంగాణలలో డిగ్రీ ఏ కాలేజీలో మొదలవుతుందో సాధారణంగా అక్కడే పూర్తవుతుంది. టీచర్ శిక్షణ దానికి వేరుగా ఉంటుంది. ప్రాథమిక పాఠశాలలో చెప్పాలనుకునేవారు డైట్‌లో గాని, ప్రైవేటు కళాశాలలో గాని రెండేళ్ల డీఈఎల్‌ఈడీ చేస్తారు, హైస్కూలు వైపు వెళ్లేవారు డిగ్రీ అయ్యాక బీఈడీ చేస్తారు, ఆ తర్వాత టెట్, డీఎస్సీ అనే గండాలు ఉండనే ఉన్నాయి. టెక్సాస్‌లో ప్రభుత్వ పాఠశాలలో టీచర్ కావాలంటే సాధారణంగా నాలుగేళ్ల బ్యాచిలర్ డిగ్రీ, రాష్ట్రం గుర్తించిన టీచర్ శిక్షణ కార్యక్రమం, రాష్ట్ర పరీక్షలు, వేలిముద్రల తనిఖీ కావాలి. మీరు ఎంచుకుంటున్న దారిలో డిగ్రీ, శిక్షణ రెండూ కలిసే నడుస్తాయి. ఆ డిగ్రీలో మొదటి సగం ఎక్కడ చదివినా పట్టా మాత్రం చివర చదివిన యూనివర్సిటీ పేరు మీదే వస్తుంది. డీఎస్సీలాగా రాష్ట్రమంతటికీ ఒకే నియామక పరీక్ష ఉండదు, ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతపు ప్రభుత్వ పాఠశాలలను నడిపే స్థానిక సంస్థ) ఉద్యోగాలు ఆ డిస్ట్రిక్టే భర్తీ చేసుకుంటుంది. మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసే ప్రిన్సిపాల్ రాష్ట్రం ఇచ్చే మీ టీచర్ సర్టిఫికెట్ ఏ తరగతులకు చెల్లుతుందో, మీరు పిల్లలతో ఎలా పనిచేశారో చూస్తారు తప్ప, మొదటి ఏడాది ఇంగ్లిష్ కాంపోజిషన్ (వ్యాసరచన కోర్సు) ఏ భవనంలో కూర్చుని చదివారని అడగరు.

ఈ పద్ధతి నిన్నా మొన్నా పుట్టిందీ కాదు. అమెరికాలో మొదటి ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీగా పేరుపడిన జోలియెట్ కాలేజీ ఇల్లినాయ్‌లో 1901లో మొదలైంది. స్థానిక విద్యార్థులకు సొంత ఊళ్లోనే యూనివర్సిటీ చదువులో మొదటి రెండేళ్లు అందించడమే దాని ఉద్దేశం. మీకు దగ్గరలో డెంటన్‌లో ఉన్న యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సాస్ ఇవాళ పెద్ద పరిశోధనా విశ్వవిద్యాలయమే గానీ, 1890లో అది పుట్టింది టీచర్లకు శిక్షణ ఇచ్చే చిన్న నార్మల్ కాలేజీగానే.

ఇక అసలు విషయానికి వస్తాను. కమ్యూనిటీ కాలేజీ అడ్వైజర్‌ను మీరు "ఈ కోర్సు ట్రాన్స్‌ఫర్ అవుతుందా?" అని అడిగితే, దాదాపు ప్రతిసారీ అవుతుందనే సమాధానం వస్తుంది, అది అబద్ధమూ కాదు. కాని అడగవలసిన ప్రశ్న అది కాదు. యూనివర్సిటీ మీ క్రెడిట్లను, అంటే పూర్తిచేసిన కోర్సుల లెక్కను, స్వీకరించడం ఒక ఎత్తు, వాటిని మీ డిగ్రీలో అవసరమైన గడుల్లో, అంటే తప్పక చదవవలసిన కోర్సుల స్థానాల్లో, నింపడం మరో ఎత్తు. డిగ్రీకి కనీసం 120 క్రెడిట్ గంటలు కావాలి (కోర్సుల విషయంలో ఇకపై గంటలు అంటే ఇవే). మీరు తెచ్చుకున్న 60లో 45 మాత్రమే ఆ గడుల్లో సరిపోయి, మిగతా 15 "ఎలక్టివ్" (ఐచ్ఛిక కోర్సు) అనే పేరుతో పక్కన పడి ఉంటే, అవి ట్రాన్స్‌ఫర్ అయినట్టే లెక్క, మీరు మాత్రం ఒక సెమిస్టర్ చదువు మళ్లీ చదవాలి, మళ్లీ ఫీజు కట్టాలి. అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2017లో ఇచ్చిన నివేదికలో, కాలేజీలు మారిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు పోగొట్టుకున్నట్టు అంచనా వేశారు. అన్ని రకాల కాలేజీల మధ్య మార్పులనూ కలిపి వేసిన లెక్క అది, ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీ నుంచి ప్రభుత్వ యూనివర్సిటీకి వెళ్లేవారికి నష్టం ఇంతకంటే బాగా తక్కువే ఉంటుంది, అయినా సున్నా కాదు.

టీచర్ కావాలనుకునేవారికి ఈ నష్టం తగ్గించడానికి టెక్సాస్‌లో ప్రత్యేకంగా ఒక డిగ్రీ ఉంది, దాని పేరు అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్ ఇన్ టీచింగ్, అందరూ ఏఏటీ అంటారు. మామూలు అసోసియేట్ డిగ్రీలో (కమ్యూనిటీ కాలేజీ ఇచ్చే రెండేళ్ల డిగ్రీ) చేరకుండా ఇందులోనే చేరండి. ఇందులోనూ రెండు రకాలు ఉంటాయి: పూర్వ ప్రాథమికం నుంచి 6వ తరగతి వరకు, 4 నుంచి 8 వరకు, అన్ని తరగతుల ప్రత్యేక విద్య, ఈ మూడింటికీ దారి తీసేది ఒకటి, హైస్కూలులో ఒక్కో సబ్జెక్టు చెప్పేవారికి, సంగీతం, చిత్రలేఖనం వంటివి అన్ని తరగతులకూ చెప్పేవారికి మరొకటి. మీరు పనిచేస్తున్నది ప్రాథమిక పాఠశాల కాబట్టి మొదటిదే మీది అనుకుంటాను, కాని ఒకవేళ మీ మనసు లెక్కలు మాత్రమే చెప్పే మిడిల్ స్కూల్ వైపు ఉంటే ఆ మాట కాలేజీ అడ్వైజర్‌కు ఇప్పుడే చెప్పండి, ఎందుకంటే రెండో ఏడాదిలో చేసే లెక్కలు, సైన్స్ కోర్సులు దాన్ని బట్టి మారవచ్చు.

ఏఏటీలో పెద్ద భాగం టెక్సాస్ కోర్ కరికులమ్, అంటే ఏ డిగ్రీ వారైనా చదవవలసిన ఉమ్మడి కోర్సులు, మొత్తం 42 క్రెడిట్ గంటలు. రాష్ట్రంలోని ఏ ప్రభుత్వ కాలేజీలోనైనా ఈ 42 గంటలూ పూర్తిచేసినట్టు ట్రాన్స్‌క్రిప్ట్ (కాలేజీ ఇచ్చే మార్కుల జాబితా) మీద ముద్ర పడితే, ప్రభుత్వ యూనివర్సిటీ దాన్ని మొత్తంగా తన కోర్‌కు బదులుగా ఒప్పుకోవాలి, విడదీసి ఒక్కొక్కటీ ప్రశ్నించడానికి వీల్లేదు. అందుకని కోర్ సగంలో ఉండగా తొందరపడి యూనివర్సిటీకి మారిపోకండి, పూర్తి చేసుకునే వెళ్లండి. అయితే కోర్‌లో కూడా ఎంచుకునే స్వేచ్ఛ ఉన్న చోట, ఉదాహరణకు సైన్స్ కోర్సుల్లోనూ కళల కోర్సులోనూ, మీరు వెళ్లబోయే యూనివర్సిటీ ఏది కోరుతుందో చూసి అదే తీసుకోండి. స్నేహితురాలు సులభంగా ఉందన్నదనో, మంగళవారం సాయంత్రం ఖాళీగా ఉందనో తీసుకున్న కోర్సే తర్వాత పక్కన పడిపోతుంది.

కోర్సుల నంబర్లు చదవడం నేర్చుకుంటే సగం అయోమయం పోతుంది. టెక్సాస్ కమ్యూనిటీ కాలేజీలన్నీ ఒకే నంబర్ల పద్ధతి వాడతాయి: నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు. ఈడీయూసీ 1301 అంటే విద్యా విభాగపు కోర్సు, మొదటి అంకె 1 కాబట్టి మొదటి సంవత్సరం స్థాయి, రెండో అంకె 3 కాబట్టి మూడు క్రెడిట్లు. మొదటి అంకె సున్నా అయితే అది కాలేజీ స్థాయికి ముందు చేసే సన్నాహక కోర్సు, డిగ్రీలో లెక్కకు రాదు. యూనివర్సిటీలో నంబరు వేరుగా ఉండవచ్చు, కాని కోర్సుల, డిగ్రీ నియమాల వివరాలుండే కేటలాగ్‌లో పక్కనే ఈ ఉమ్మడి నంబరు కూడా ఇస్తారు, దాన్ని పట్టుకుని రెండు జాబితాలనూ పోల్చి చూడవచ్చు.

మీకు వెంటనే పనికొచ్చే కోర్సు ఆ ఈడీయూసీ 1301, అంటే ఉపాధ్యాయ వృత్తికి పరిచయం. దాని తర్వాత ఈడీయూసీ 2301, వైకల్యాలున్న పిల్లలు, ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలు, పేదరికం నుంచి వచ్చే పిల్లలు మొదలైనవారి గురించి. రెండింటిలోనూ కనీసం 16 గంటలు నిజమైన తరగతి గదిలో కూర్చుని గమనించాలి, దానికి ముందు నేరచరిత్ర తనిఖీ జరుగుతుంది. మీరు బడిలో జీతానికి పనిచేసే గంటలు ఈ 16లోకి వస్తాయని అనుకుని ఊరుకోవద్దు, మొదటి వారమే ఇన్‌స్ట్రక్టర్‌ను అడగండి. వచ్చినా సరే, కొన్ని గంటలైనా మీకు అలవాటు లేని తరగతిలో గడపండి. రెండో తరగతి పిల్లలతో హాయిగా ఉన్నవారు ఐదో తరగతి గదిలోకి వెళ్లి, ఇది నా వల్ల కాదని తెలుసుకోవడం జరుగుతుంటుంది, దానికి తలకిందులుగానూ జరుగుతుంది. ఆ సంగతి మొదటి సెమిస్టర్‌లోనే, అదీ తక్కువ ఫీజుతో తెలియడం ఈ దారిలో ఉన్న పెద్ద లాభం అని నా అభిప్రాయం.

లెక్కల గురించి ఒక హెచ్చరిక. ప్రాథమిక పాఠశాల టీచర్లకు మ్యాథ్ 1350, 1351 అని రెండు కోర్సులు ఉంటాయి, వాటికి ముందు కాలేజీ ఆల్జీబ్రా చేయాలి. ఇంటర్ లెక్కలతో పోలిస్తే ఆల్జీబ్రా మన వాళ్లకు పెద్ద కష్టంగా ఉండదు. తడబడేది తర్వాతి కోర్సుల్లోనే. 52లో నుంచి 27 తీసేయమంటే మనం "అప్పు తెచ్చుకుంటాం" అని ఒక మాట అనేసి జవాబు రాసేస్తాం. ఇక్కడ ఆ అప్పు ఎక్కడిదో, ఐదు పదుల్లో ఒక పది విడిపోయి పది ఒకట్లుగా ఎలా మారిందో పుల్లలు పేర్చి చూపించి, మాటల్లో రాసి వివరించాలి. ముప్పావును అరతో భాగిస్తే ఒకటిన్నర ఎందుకు వస్తుందో, తిరగేసి గుణించమనే సూత్రం ఎత్తకుండా, బొమ్మ గీసి ఒప్పించాలి. జవాబు సరిగ్గా వచ్చినా వివరణ లేకపోతే మార్కులు రావు. ఎక్కాలు కంఠతా వచ్చినవారు కూడా ఈ కోర్సుకు వారానికి తగినంత సమయం కేటాయించుకోవాలి, దాన్ని వేసవి సెషన్‌లో ఐదారు వారాల్లో ముగించేద్దామని ప్రయత్నించవద్దు.

మీ బీకాం సంగతి. రెండేళ్ల మార్కుల జాబితాలను విదేశీ చదువు ఇక్కడి చదువులో ఎంతకు సమానమో తేల్చే అమెరికా మదింపు సంస్థ ద్వారా కోర్సుల వారీగా లెక్కగట్టించవచ్చు, కాని దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. టెక్సాస్ చట్టం ప్రకారం ఇక్కడి ప్రభుత్వ సంస్థలో డిగ్రీ పొందేవారు ఆరు గంటల అమెరికా చరిత్ర, ఆరు గంటల ప్రభుత్వ శాస్త్రం చదవాలి, అందులో టెక్సాస్ రాజ్యాంగం కూడా ఉంటుంది. గుంటూరులో చదివిన ఏ పేపరూ వీటికి బదులు కాదు. అకౌంటింగ్, వాణిజ్య చట్టం పేపర్లకు టీచర్ డిగ్రీలో గడులే లేవు. అర్థశాస్త్రం పేపరు సామాజిక శాస్త్రాల కింద మూడు గంటలకు ఒప్పుకుంటే అదృష్టం. కాబట్టి మదింపుకు డబ్బు కట్టే ముందు, మీరు ఎంచుకున్న యూనివర్సిటీ ఏ సంస్థ నివేదికను ఒప్పుకుంటుందో, లేక తానే లెక్కగడుతుందో కనుక్కోండి. అది తేలే వరకు చదువు మొదలుపెట్టడం మాత్రం వాయిదా వేయకండి. (ఇదే దారి గురించి ఆలోచిస్తున్న ఇతర పాఠకుల కోసం ఒక మాట: ఇండియాలో డిగ్రీ పూర్తి చేసినవారు మళ్లీ బ్యాచిలర్ డిగ్రీ చేయనక్కరలేకపోవచ్చు. పట్టా అమెరికా బ్యాచిలర్ డిగ్రీకి సమానమని మదింపులో తేలితే, పట్టభద్రుల కోసమే ఉన్న ప్రత్యామ్నాయ సర్టిఫికేషన్ కార్యక్రమంలో నేరుగా చేరవచ్చు. మూడేళ్ల డిగ్రీని అన్ని సంస్థలూ ఒకేలా లెక్కించవు కాబట్టి ఆ విషయం ముందు తేల్చుకోవాలి.)

ఖర్చు విషయంలో ఫ్రిస్కోవాసులు గమనించవలసిన చిత్రమైన సంగతి ఒకటుంది. మీ ఊరు రెండు కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) విస్తరించి ఉంది. కమ్యూనిటీ కాలేజీ తనకు పన్ను కట్టే ప్రాంతం వారికి అన్నింటికంటే తక్కువ ఫీజు, మిగతా టెక్సాస్ వారికి కొంత ఎక్కువ, రాష్ట్రం బయటివారికి ఇంకా ఎక్కువ తీసుకుంటుంది. మీ ఇల్లు కాలిన్ కౌంటీలో ఉంటే, మీ దగ్గరి కమ్యూనిటీ కాలేజీ అయిన కాలిన్ కాలేజీలో మీకు మొదటి అంచె ఫీజు. రోడ్డుకు అటు పక్క డెంటన్ కౌంటీలో ఉంటే, క్యాంపస్ ఫ్రిస్కోలోనే ఉన్నా, రెండో అంచె. చిరునామాలో ఫ్రిస్కో అని ఉంటే చాలదు, ఆస్తి పన్ను కాగితం తీసి చూడండి. రెండో అంచె అయినా యూనివర్సిటీ ఫీజుతో పోలిస్తే తక్కువే. కాలేజీలో చేరే ముందు రాష్ట్రంలో 12 నెలలు నివసించినట్టు రుజువులు అడుగుతారు, అవి మీ దగ్గర ఎలాగూ ఉంటాయి.

గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ఫాఫ్సా, అంటే విద్యార్థులకిచ్చే కేంద్ర ఆర్థిక సహాయం కోసం పెట్టుకునే దరఖాస్తు, చేసే అర్హత మీకుంది. మీవారి జీతాన్ని బట్టి పెల్ గ్రాంట్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి కేంద్రం ఇచ్చే సహాయం) రాకపోవచ్చు, అయినా దరఖాస్తు చేయండి, ఇతర సహాయాలకు కూడా కాలేజీలు దాన్నే ఆధారంగా తీసుకుంటాయి. మీ విషయంలో ముఖ్యంగా అడగవలసింది మరొకటి ఉంది. ప్రభుత్వ పాఠశాలల్లో సహాయకులుగా పనిచేస్తూ టీచర్ సర్టిఫికెట్ కోసం చదివేవారికి ట్యూషన్ మినహాయింపు ఇచ్చే ఎడ్యుకేషనల్ ఎయిడ్ ఎగ్జెంప్షన్ అనే పథకం టెక్సాస్‌లో ఉంది. గత ఐదేళ్లలో కనీసం ఒక విద్యా సంవత్సరం పూర్తికాలం పనిచేసి ఉండడం, ఆర్థిక అవసరం, టీచర్ల కొరత ఉన్న సబ్జెక్టు వంటి షరతులున్నాయి, అన్ని కాలేజీలూ ఒకేలా అమలు చేయవు. మీ ఏడాదిన్నర ఉద్యోగం ఇందుకు పనికిరావచ్చు, కాబట్టి ఆర్థిక సహాయ విభాగంలో ఈ పేరు చెప్పి అడగండి. మీరు అడగకపోతే వాళ్లంతట వాళ్లు చెప్పకపోవచ్చు.

టీచ్ గ్రాంట్ అని ఇంకొకటి వినపడుతుంది, ఏడాదికి 4,000 డాలర్ల వరకు ఇచ్చే కేంద్ర సహాయం. దాని పేరు గ్రాంటే గానీ షరతు గట్టిది. చదువు ముగిసిన ఎనిమిదేళ్లలో నాలుగేళ్లు, తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలు చదివే పాఠశాలలో, కొరత ఉన్న సబ్జెక్టే చెప్పాలి. లేకపోతే అది అప్పుగా మారిపోతుంది, డబ్బు తీసుకున్న మొదటి రోజు నుంచి వడ్డీ కూడా లెక్కిస్తారు. ఫ్రిస్కో చుట్టుపక్కల ఆ జాబితాలో ఉండే పాఠశాలలు తక్కువ కావచ్చు, ప్రాథమిక తరగతుల సాధారణ బోధన ఒక్కటే కొరత సబ్జెక్టు కిందికి వస్తుందన్న భరోసా లేదు. ప్రత్యేక విద్య, లేదా ఇంగ్లిష్ కొత్తగా నేర్చుకునే పిల్లలకు బోధించడం మీకు నిజంగా ఇష్టమైతే తప్ప దాని జోలికి వెళ్లవద్దంటాను.

ఫీజు తక్కువ కదా అని ఒక సెమిస్టర్‌లో ఎక్కువ కోర్సులు తీసుకుని, బరువైనప్పుడు వదిలేయవచ్చని అనుకోవద్దు. టెక్సాస్ ప్రభుత్వ కాలేజీల్లో 2007 ఫాల్ (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్) నుంచి మొదటిసారి చేరినవారు డిగ్రీ మొత్తం మీద ఆరు కోర్సులకు మించి మధ్యలో వదలడానికి వీల్లేదు, కమ్యూనిటీ కాలేజీలో వదిలినవీ ఆ ఆరులోకే వస్తాయి. అలాగే డిగ్రీకి కావలసిన దానికంటే 30 గంటలు మించి చదివితే, ఆ పై గంటలకు యూనివర్సిటీ రాష్ట్రం బయటివారి స్థాయి ఫీజు వసూలు చేయవచ్చు. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు ఉన్న మీరు మొదటి సెమిస్టర్‌లో రెండు కోర్సులకు మించి తీసుకోకండి. అవి నిలదొక్కుకున్నాక మూడు. అలా నడిస్తే ఏఏటీకి మూడేళ్లు, యూనివర్సిటీలో రెండేళ్లు, మొత్తం ఐదేళ్లు పడుతుందని అనుకుని దిగండి. రాష్ట్రం టీచర్ శిక్షణలో చేర్చుకోవడానికి కోరే కనీస జీపీఏ (4కు లెక్కగట్టే గ్రేడుల సగటు) 2.5, యూనివర్సిటీలు అంతకంటే ఎక్కువ కోరవచ్చు. ఒక సీ గ్రేడ్‌తో కొంపలేమీ మునగవు గానీ, ఇంగ్లిష్ కాంపోజిషన్‌లోనో మ్యాథ్ 1350లోనో సీ కంటే తక్కువ వస్తే ఆ కోర్సు మళ్లీ చదవవలసి వస్తుంది.

ఇప్పుడు యూనివర్సిటీ ఎంపిక. మీ ఇంటి నుంచి రోజూ వెళ్లిరాగలిగినవాటిలో డెంటన్‌లోని టెక్సాస్ ఉమెన్స్ యూనివర్సిటీ, యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సాస్ ముందు చూడదగినవి. నార్త్ టెక్సాస్‌కు ఫ్రిస్కోలోనే శాఖ ఉంది, కాని టీచర్ శిక్షణ తరగతులు ఏ క్యాంపస్‌లో, ఏ వేళల్లో జరుగుతాయో అడగకుండా దాన్ని చూసి నిర్ణయించుకోవద్దు. 380 హైవే మీద సాయంత్రం డెంటన్ నుంచి తిరిగి రావడం ఎలా ఉంటుందో నాకంటే మీకే బాగా తెలుసు, అదే సమయానికి పిల్లలను బడి నుంచి తెచ్చుకోవాలి. మెకిన్నీలో కాలిన్ కాలేజీ కేంద్రంలోనే కొన్ని యూనివర్సిటీలు పై సంవత్సరాల తరగతులు నడుపుతూ వచ్చాయి, ఆ అవకాశమూ కనుక్కోండి. డాలస్ కాలేజీ అయితే కమ్యూనిటీ కాలేజీగా ఉంటూనే 2021 నుంచి చిన్నపిల్లల విద్యలో సొంతంగా బ్యాచిలర్ డిగ్రీ ఇస్తోంది. ఎక్కడికీ మారే పనే లేని దారి అది, అయితే చిన్న తరగతులకే పరిమితం, పైగా మీరు ఆ కాలేజీ పన్ను పరిధిలో లేరు.

రెండు యూనివర్సిటీలు అనుకున్నాక, రెండింటి విద్యా విభాగం అడ్వైజర్లకూ ఈమెయిల్ రాయండి. ఫోన్ చేయవద్దు, జవాబు కాగితం మీద ఉండాలి. మీరు చేరబోయే ఏఏటీ కోర్సుల జాబితా జతచేసి, వీటిలో ఏవి మీ డిగ్రీలో ఏ అవసరాన్ని తీరుస్తాయి, ఏవి ఉత్త ఎలక్టివ్‌గా మిగులుతాయి, ఏ సంవత్సరపు కేటలాగ్ నాకు వర్తిస్తుంది అని అడగండి. తీరుబడిగా, కోర్సు కోర్సుకూ జవాబిచ్చిన చోటుకు నేనైతే మొగ్గు చూపుతాను, వేరే కాలేజీ నుంచి మారి వచ్చే విద్యార్థులను వాళ్లు ఎలా చూస్తారో అందులోనే తెలిసిపోతుంది. చదివిన ప్రతి కోర్సు సిలబస్‌నూ దాచుకోండి. ఇంకొక సంగతి, డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీలోనే మొత్తం గంటల్లో కనీసం నాలుగో వంతు చదవాలన్నది ఈ ప్రాంతపు గుర్తింపు సంస్థ నియమం, ఏఏటీకి కావలసిన గంటలు పూర్తయ్యాక కూడా ఫీజు తక్కువని కమ్యూనిటీ కాలేజీలోనే సాగదీయడం వల్ల లాభం లేదు.

మీవారి మాటను కూడా పూర్తిగా కొట్టిపారేయలేను. నేరుగా యూనివర్సిటీలో చేరితే గడుల గొడవ ఉండదు, మొదటి నుంచీ ఒకే అడ్వైజర్ ఉంటారు. పూర్తికాలం చదవగలిగి, మంచి స్కాలర్‌షిప్ వచ్చిన 18 ఏళ్ల అమ్మాయికి అయితే నేనూ అదే సలహా ఇస్తాను. మీ పరిస్థితి వేరు. పదిహేనేళ్ల విరామం తర్వాత మళ్లీ పుస్తకం పట్టుకుంటున్నారు, పగలు ఉద్యోగం ఉంది, సాయంత్రం, శనివారం, ఆన్‌లైన్ తరగతులు ఉండే చోటు మీకు కావాలి, తొలి సెమిస్టర్ తడబడినా ఖర్చు తక్కువలో పోవాలి. పూర్తిగా ఆన్‌లైన్‌లో బ్యాచిలర్ డిగ్రీ చేద్దామని ఎవరైనా చెబితే, అది టెక్సాస్ రాష్ట్రం గుర్తించిన టీచర్ శిక్షణ కార్యక్రమమేనా అన్నది మాత్రం చూసుకోండి. సర్టిఫికెట్‌కు దారి తీయని విద్యా డిగ్రీలు కూడా ఉంటాయి, వాటితో తరగతి గదిలో అడుగుపెట్టాలంటే మళ్లీ వేరే శిక్షణ తీసుకోవాలి.

మీవారితో నిజంగా కూర్చుని మాట్లాడవలసింది చివరి ఏడాది గురించి. యూనివర్సిటీలో టీచర్ శిక్షణ తరగతులు ఎక్కువగా పగటిపూటే ఉంటాయి, ఆఖరి దశలో స్టూడెంట్ టీచింగ్, అంటే అనుభవమున్న టీచర్ పర్యవేక్షణలో బడిలో పాఠాలు చెప్పే శిక్షణ, ఉంటుంది, సుమారు 14 వారాలు, రోజంతా, సాధారణంగా జీతం లేకుండా. అదే కాలంలో రాష్ట్ర పరీక్షలకూ చదవాలి; ప్రాథమిక తరగతుల వారికి 2021 నుంచి పఠన బోధన మీద పరీక్ష కూడా తప్పనిసరి అయింది. సహాయకులుగా పనిచేస్తున్నవారు ఆ ఉద్యోగంలో ఉంటూనే ఈ శిక్షణ పూర్తిచేసే వెసులుబాటు కొన్ని కార్యక్రమాల్లో ఉంటుంది, యూనివర్సిటీకి రాసే ఈమెయిల్‌లో ఈ ప్రశ్న కూడా చేర్చండి. అది లేదని తేలితే మాత్రం ఆ సెమిస్టర్ మీ జీతం రాదు, ఉదయం ఏడింటికల్లా మీరు ఇల్లు దాటాలి, పిల్లలను బడికి పంపే పని పూర్తిగా మీవారిది అవుతుంది. ఐదేళ్ల తర్వాత సంగతి కదా అనుకోకుండా, ఇప్పటి నుంచే నెలకు కొంత విడిగా దాచడం మొదలుపెట్టండి, ఆ సెమిస్టర్‌కు ఆయన ఆఫీసు వేళలు మార్చుకోగలరో లేదో కూడా చెప్పమనండి.